ఒక కోటకు ఒక రోజు ఇవ్వండి

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, సుమారు యాభై కిలోమీటర్ల దూరాన, ఊరిని ఆనుకుని లేచిన ఒంటి రాతిగుట్ట మీద ఉంది భువనగిరి ఖిల్లా. ఎత్తు ఐదు వందల అడుగుల పైమాటే. 1076 నుంచి 1126 దాకా ఏలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి, త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు కట్టించాడని చెబుతారు. బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో పిల్లల్ని, రిటైరయ్యాక మనవళ్లను వెంటబెట్టుకుని ఎక్కిన అనుభవంతో ఈ మాటలు చెబుతున్నాను.

1. గుడి ప్రయాణంలో కోటను ఇరికించకండి. యాదగిరిగుట్ట దగ్గరే కాబట్టి, దర్శనం చేసుకుని తిరుగు దారిలో ఓ గంట ఖిల్లా చూసేద్దామనుకునేవాళ్లు చాలామంది. దర్శనం అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. ఆయాసపడుతూ ఎక్కి, ఫొటోలు దిగి, వెనక్కి తిరుగుతారు. స్వామి దగ్గరికి ఇంకో రోజు వెళ్లండి. కోటకు ఒక పూర్తి రోజు ఇవ్వండి.

2. పొద్దున్నే ఎక్కండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. పైన నీడ తక్కువ. ఎండాకాలంలో బండ ఒకసారి కాగిందంటే పొద్దు వాలినా వేడి వదలదు. వానాకాలంలో పాచి పట్టి జారుతుంది. పైన ఉండగా ఉరుము వినిపిస్తే వెంటనే దిగిపోవాలి. బోడి గుట్ట మీద పిడుగు భయం ఎక్కువ.

3. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. రాతిలోనే తొలిచిన మెట్లు కొన్నిచోట్ల పాదం ఆనేంతే ఉంటాయి. సామాను వీపు సంచిలో సర్దుకోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, మధ్యాహ్నానికి పులిహోర చాలు. పెరుగన్నం ఆ ఎండకు పులిసిపోతుంది.

4. ద్వారం దగ్గర ఆగండి. దారి తిన్నగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. పరుగున వచ్చి తలుపును ఢీకొట్టడానికి శత్రువుకు, అతని ఏనుగుకు చోటు దొరకకూడదని కోటలు కట్టినవాళ్ల ఆలోచన. పిల్లల్ని అక్కడ నిలబెట్టి, 'పైనుంచి మనల్ని ఎవరు చూస్తుంటారు?' అని అడగండి. తలెత్తి వాళ్లే వెతుక్కుంటారు.

5. రాతిని వేలితో తడమండి. కొన్ని బండల అంచున వరసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. రాతిపనివాళ్లు అలా గుంటలు తొలిచి, వాటిలో మేకులు దిగ్గొట్టేవాళ్లు. ఒక్కొక్కదాని మీద మార్చి మార్చి సుత్తి దెబ్బ వేస్తూ పోతే, ఆ వరస వెంబడే బండ చీలుతుంది. ఆ గుంటలో పిల్లవాడి వేలు పెట్టించండి. రాజు పేరు మరిచిపోయినా ఆ పనివాణ్ణి మరిచిపోడు. రాతిపని అంతా ఒకే కాలానిది కాదు. చాళుక్యుల తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్ షాహీలు ఈ కోటను ఏలారు. అందుకే పెద్ద రాళ్లు పేర్చిన గోడలూ కనిపిస్తాయి, సున్నం పూసిన కమానులూ కనిపిస్తాయి.

6. నీళ్లెక్కడివని అడగండి. ముట్టడిలో గోడ ఎంత గట్టిదైనా తాగునీరు లేకపోతే కోట నిలవదు. ఈ గుట్ట అంతా రాయే. అందుకే బండ మీద పడిన వాన వృథా కాకుండా కాలువలు తొలిచి, గుండాల్లోకి మళ్లించారు. ఒక కాలువ పట్టుకుని గుండం దాకా నడవండి. ఆ నడకలో తెలిసేది ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

7. పైకెక్కాక పాపన్న కథ చెప్పండి. కల్లుగీత కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో ముందు వరంగల్ మీద, తర్వాత భువనగిరి మీద దాడి చేశాడు. కోట రాజులదే కాదు, వాళ్లను ఎదిరించినవాళ్లదీ అని ఆ గుట్ట మీద కూర్చుని వింటే పిల్లల మనసులో నాటుకుంటుంది.

8. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. కాళ్లు అలసి ఉంటాయి. నిటారు చోట్ల పక్కకు తిరిగి, కమ్మీ పట్టుకుని దిగండి. తెచ్చిన ప్రతి సీసా వెనక్కి రావాలి. గోడల మీద పేర్లు గీకేవాళ్లను చూస్తే నా కడుపు మండుతుంది. తొమ్మిది వందల ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న రాయి మీద మన గీత ఎందుకు? మీ పిల్లలకు ఇది బయల్దేరే ముందే చెప్పండి.

ఇలా ఒక్క కోటను నిదానంగా చూసిన పిల్లవాడు రేపు గోల్కొండకు వెళ్లినా, దేవరకొండకు వెళ్లినా, ద్వారం ఎందుకు మలుపు తిరిగింది, నీళ్లు ఎక్కడివి, ఈ రాయి కొట్టిందెవరు అని తనంతట తానే అడుగుతాడు. ఆ అడిగే అలవాటు అబ్బడానికే ఒక రోజంతా ఇవ్వమంటున్నాను.