నల్లకళ్లకు లేజర్ కష్టమా?

ప్రశ్న: మాది కడియం. నర్సరీ పనికి వెళ్లే మా అమ్మకు నీటికాసులు వచ్చే ప్రమాదం ఉందని, లేజర్ చేయాలని చెప్పారు. నల్లకళ్లకు ఎక్కువ షాట్లు పడతాయట, నిజమేనా?

జవాబు: కొంతవరకు నిజమే. కనుపాప చుట్టూ ఉండే రంగు పొర ఐరిస్. కంట్లో నీరు బయటికి పోయే మూల ఇరుకైనవారికి లేజర్‌తో ఐరిస్‌కు సన్నని రంధ్రం చేస్తారు. మన ముదురు గోధుమరంగు ఐరిస్ దళసరిగా ఉంటుంది కాబట్టి యాగ్ లేజర్ ఒక్కదానితోనే చేస్తే ఎక్కువ శక్తి కావాలి, కాస్త రక్తం చిమ్మవచ్చు. అందుకే కొందరు డాక్టర్లు ముందు ఆకుపచ్చ లేజర్‌తో ఆ చోటును పలచన చేసి, తర్వాత యాగ్ వాడతారు. ఆకుపచ్చ కాంతిని రంగు బాగా పీల్చుకుంటుంది. ఇక్కడ నల్లదనం మనకు మేలే చేస్తుంది! పైలోకార్పిన్ చుక్కలు వేస్తే ఐరిస్ సాగి పలచబడుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

నీటికాసులకే వాడే ఎస్‌ఎల్‌టీ అనే లేజర్ వేరు. అందులో కంటి రంగు కాదు, నీరు వడకట్టే జల్లెడలో ఎంత రంగు పేరుకుందో చూస్తారు. అక్కడ ముదురుగా ఉంటే శక్తి తగ్గించాలి. లేకపోతే ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు.

ఏ లేజర్ అయినా, చేసిన గంటకో రెండు గంటలకో కంటి ఒత్తిడి చూపించుకున్నాకే ఇంటికి వెళ్లండి. నొప్పి లేదని నీటికాసుల చికిత్సను వాయిదా వేయకండి. 1996–2000లో పశ్చిమ గోదావరి పల్లెలను కూడా కలిపి చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి సర్వేలో, తమకు ఈ జబ్బు ఉందని తెలియనివారు చాలామంది బయటపడ్డారు. మీకూ నలభై దాటితే అమ్మతోపాటు పరీక్ష చేయించుకోండి.