ట్రాక్టర్ బ్యాటరీ దిగిపోతోందా? కొత్తది కొనేముందు డైనమో చూడండి

సెల్ఫ్ కొడితే "టక్" మని ఆగిపోతే చాలామంది బ్యాటరీ పోయిందనుకుంటారు. దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, అదే మనం డైనమో అంటాం, పనిచేయకపోతే కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది. వేలల్లో ఖర్చు దండగ. 12 వోల్టుల బండికి వీడియోలో చూపించిన వరుస ఇది:

1. ఇంజిన్ ఆపి, ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కండి. సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. వదులైతే బిగించండి, పగుళ్లుంటే మార్చండి.

2. బ్యాటరీ టెర్మినల్స్‌కు తెల్లటి పూత పడితే వైర్లు విప్పి (ముందు మైనస్), గీకి శుభ్రం చేసి గట్టిగా బిగించండి.

3. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఫుల్ ఛార్జ్ బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. స్టార్ట్ చేసి కాస్త రేస్ ఇస్తే 13.8 నుంచి 14.4 రావాలి. పెరగకపోతే ఛార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ మీద అనుమానం.

4. తాళం తిప్పగానే బ్యాటరీ గుర్తు లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు, ఫ్యూజు, డైనమోకి వెళ్లే సన్న వైరు చూడండి.

ఇవన్నీ బాగుండీ ఛార్జింగ్ రాకపోతే డైనమో విప్పించండి. చాలాసార్లు కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి. అవి మారిస్తే చాలు, మొత్తం డైనమో మార్చక్కర్లేదు.

జాగ్రత్త: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించే పాత పద్ధతి వద్దు. డయోడ్లు కాలిపోతాయి.

బయట కొనేది తగ్గించుకోవడమే కదా మన సేద్యం. బండి విషయంలోనూ అంతే.