బండి స్టార్ట్ కాకపోతే: ముందు చెవి పెట్టండి, తర్వాత ఫోటో తీయండి

తెల్లవారుజామున నాలుగున్నర. క్యాంప్ గేటు దగ్గర పదిమంది మనవాళ్లు అన్నం డబ్బాలు పట్టుకుని నిలబడి ఉంటారు. డ్రైవర్ తమ్ముడు కీ తిప్పుతాడు, బండి పలకదు. ఇంకోచోట పిల్లల్ని స్కూల్లో దింపే టైమ్‌కి మేడం కారు మొరాయిస్తుంది. రెండు చోట్లా ముందు వినిపించే మాట ఒకటే: "ఏం చేశావ్ బండిని?" నెలాఖరుకి అదే మాట జీతంలో కోత అవుతుంది. బండి రాక సైట్‌కి లేటుగా వెళ్లినవాళ్లకి కూడా సగం రోజు కోసేస్తారు.

ఈ నెల పాఠం సౌదీలో ఉన్న మన కంపెనీ డ్రైవర్లకీ, హౌస్ డ్రైవర్లకీ, ఆ బండ్లలో పనికి వెళ్లేవాళ్లకీ. మెకానిక్‌ని చేయాలని కాదు. ఏది పాడైందో చెప్పగలిగితే అది మీ తప్పా, పాతబడి పోయిందా అన్నది కూడా చెప్పగలరు. జీతం నిలిచేది అక్కడే.

కీ తిప్పే ముందు

హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఆటోమేటిక్ బండి అయితే గేరు పీ లో ఉందా చూడండి. ఉన్నా పలకకపోతే, బ్రేక్ గట్టిగా తొక్కి ఎన్ లో పెట్టి ఒకసారి ప్రయత్నించండి. గేరు దగ్గరి స్విచ్ అరిగినప్పుడు పీ లో పలకని బండి ఎన్ లో పలుకుతుంది. మాన్యువల్ గేరు బండి అయితే క్లచ్ పూర్తిగా తొక్కండి. కీ అసలు తిరగకపోతే స్టీరింగ్ లాక్ పడి ఉంటుంది. స్టీరింగ్‌ని అటూ ఇటూ మెల్లగా ఊపుతూ కీ తిప్పండి. బలవంతంగా తిప్పితే కీ విరుగుతుంది, అప్పుడది నిజంగానే మన తప్పు అవుతుంది.

రోడ్డు మీద ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, ట్రాఫిక్ లేని వైపు నుంచి దిగి, రోడ్డుకి దూరంగా నిలబడండి. బండి వెనక నిలబడి ఫోన్ మాట్లాడొద్దు.

శబ్దమే జబ్బు చెబుతుంది

ఏసీ, ఫ్యాన్, రేడియో ఆపేసి కీ తిప్పండి. చెవి పెట్టి వినండి.

1. ఏ చప్పుడూ లేదు, మీటర్ లైట్లు కూడా లేవు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, లేదా టెర్మినల్ ఊడింది, లేదా మెయిన్ ఫ్యూజ్ పోయింది.

2. టిక్ టిక్ టిక్ అని వరసగా కొట్టుకుంటుంది, లైట్లు మసకబారుతున్నాయి. బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు.

3. టక్ అని ఒక్కసారే కొట్టి ఊరుకుంటుంది, హెడ్‌లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. ఎక్కువగా సెల్ఫ్ మోటార్ దగ్గర సమస్య ఉంటుంది.

4. సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. బ్యాటరీ బాగుంది. సమస్య పెట్రోల్/డీజిల్‌లోనో, స్పార్క్‌లోనో, కీలోనో ఉంది.

5. స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగిపోతుంది. కీ తాళం గుర్తు మీటర్‌లో వెలుగుతోందా చూడండి. బండి ఆ కీని గుర్తుపట్టడం లేదేమో. రెండో కీ ఉంటే దానితో ప్రయత్నించండి.

బటన్ స్టార్ట్ కార్లలో కీలోపలి చిన్న సెల్ అయిపోయినా కారు పలకదు. చాలా కార్లలో కీని బటన్‌కి ఆనించి పట్టుకుని, బ్రేక్ తొక్కి, బటన్ నొక్కితే పలుకుతుంది. కారు బాగానే ఉన్నట్టు. ఆ సెల్ బకాలాలో దొరుకుతుంది.

నాలుగో రకంలో ముందు ఫ్యూయల్ ముల్లు చూడండి. తర్వాత కీ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా వినండి. చాలా పెట్రోల్ బండ్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా 'జూ' మని పంపు చప్పుడు వస్తుంది. అది రాకపోతే ఫ్యూజ్ గానీ పంపు గానీ పోయి ఉండొచ్చు. డీజిల్ పికప్ అయితే, ట్యాంకు ఖాళీ అయ్యాక డీజిల్ పోసినా లైన్లో గాలి చేరి పలకదు. ఫిల్టర్ మీద చేతిపంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కాలి. డీజిల్‌లో నీళ్లున్నాయని మీటర్‌లో లైటు వెలిగితే స్టార్ట్ చేయొద్దు, వర్క్‌షాప్‌కి చెప్పండి.

ఏ రకమైనా సరే, సెల్ఫ్‌ని పది సెకన్లకు మించి తిప్పొద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి. ఆగకుండా తిప్పితే ఉన్న బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ కాలుతుంది.

బ్యాటరీ సంగతి

చలికి బ్యాటరీ పోతుందని అంటారు గానీ, దాని ఆయుష్షు తగ్గించేది వేడి. ఎండాకాలం బోనెట్ కింద వేడికి బ్యాటరీలో నీరు ఆవిరైపోతుంది, లోపలి ప్లేట్లు తొందరగా పాడవుతాయి. అందుకే గల్ఫ్‌లో రెండు మూడేళ్లకే బ్యాటరీ చేతులెత్తేయడం మామూలే. నిన్నటిదాకా బాగా పలికిన బండి ఇవాళ ఒక్కసారిగా పలకకపోవడం కూడా మామూలే. అది నడిపినవాడి తప్పు కాదు.

బోనెట్ తెరిచి టెర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే కరెంటు సరిగా వెళ్లదు. చేత్తో కదిపితే కదులుతుంటే బిగించాలి. దగ్గర్లో సిగరెట్ వద్దు, బ్యాటరీ నుంచి వచ్చే గ్యాస్‌కి మంట అంటుకుంటుంది. బ్యాటరీ నీళ్లు కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లండి.

మీటర్ ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కంటే తక్కువ ఉంటే దిగిపోయినట్టు. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. లేకపోతే డైనమో చార్జ్ చేయడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో మళ్లీ అదే కథ. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి డైనమోని పరీక్షించే పాత పద్ధతి ఇప్పటి బండ్లకి పనికిరాదు, కంప్యూటర్ కాలిపోతుంది.

ఇంకో బండి నుంచి కరెంటు ఇవ్వడం

ఇక్కడ దీన్ని ఇష్తిరాక్ అంటారు. వరస తప్పితే ప్రమాదం.

రెండు బండ్లూ తాకకుండా దగ్గరగా పెట్టి, రెండూ ఆపేయండి. ఎర్ర వైరు ఒక కొన దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కి. చివరి కొన మాత్రం దిగిపోయిన బ్యాటరీకి పెట్టొద్దు. ఆ బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా పెట్టండి. చివరిసారి పెట్టేటప్పుడు వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ దగ్గర రాకూడదనే ఈ జాగ్రత్త. మంచి బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగి, తర్వాత రెండోది ప్రయత్నించండి. తీసేటప్పుడు పెట్టిన వరసకి తిరగేసి తీయండి.

రెండు హెచ్చరికలు. పెద్ద లారీలు, బస్సులు చాలావరకు 24 వోల్టులవి. వాటి నుంచి 12 వోల్టుల కారుకి ఇస్తే ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కారుతున్నా అసలు ముట్టుకోవద్దు. ఈ రెండూ తెలియక చేస్తే "నిర్లక్ష్యం" అనే మాట మన మీద పడుతుంది. ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయలేం, మనుషుల్ని తోయించి అలసిపోనివ్వకండి.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని సౌదీలో నియమం ఉంది. ఆ టైమ్‌లో ఎండలో బోనెట్ కింద తల పెట్టి కూర్చోమంటే ఆ మాట గుర్తు చేయండి.

ఇప్పుడు ఫోన్ తీయండి

బండి పలకదని తెలిసిన వెంటనే, ఎవరూ అడగకముందే ఈ పని చేయండి.

మీటర్ బోర్డు ఫోటో, టెర్మినల్స్ ఫోటో, బ్యాటరీ మీద తేదీ ఉన్న స్టిక్కర్ ఫోటో తీయండి. కీ తిప్పినప్పుడు వచ్చే చప్పుడు పది సెకన్లు వీడియో తీయండి. సూపర్‌వైజర్‌కో, కఫీల్‌కో వెంటనే మెసేజ్ పెట్టండి: టైమ్, చోటు, ఏం చప్పుడు, ఏం చేశారు. అరబీలో "సయ్యారా మా తిష్తగల్, బత్తారియా ఖర్బాన్" అని వాయిస్ పెట్టినా చాలు. ఫోన్లో మాట్లాడినది మిగలదు, మెసేజ్ మిగులుతుంది. సనయ్యాలో బాగు చేయించాక బిల్లు ఫోటో తీసుకోండి. పోయిన సామాను పేరు అందులో రాయమని అడగండి.

బండిలో ఏ చిన్న తేడా వచ్చినా ఇలాగే ముందే చెప్పి పెట్టండి. "వారం క్రితమే సెల్ఫ్ మెల్లగా తిరుగుతోందని చెప్పాను" అనే ఒక్క మెసేజ్, తర్వాత వంద మాటల కంటే బలమైనది.

చట్టం ఏం చెబుతోంది

సౌదీ కార్మిక చట్టం 2005లో వచ్చింది. దాని 91వ ఆర్టికల్ ప్రకారం, కార్మికుడి తప్పు వల్లో, యజమాని చెప్పింది వినకపోవడం వల్లో అతని చేతిలో ఉన్న యంత్రం పాడైతేనే నష్టం కోయొచ్చు. వేరేవాళ్ల తప్పు అయితే కోయకూడదు. కోసినా నెలకి ఐదు రోజుల జీతానికి మించకూడదు. ఒప్పుకోకపోతే, కోత సంగతి మీకు తెలియజేసిన రోజు నుంచి 15 పనిదినాల్లోపు ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటితే హక్కు పోతుంది. అన్ని రకాల కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదని 93వ ఆర్టికల్ చెబుతోంది.

సైట్ పనివాళ్లకి 62వ ఆర్టికల్ ముఖ్యం. మీరు టైమ్‌కి పనికి సిద్ధంగా ఉండి, యజమాని వైపు కారణం వల్ల పని ఆగితే, ఆ సమయానికి జీతం ఇవ్వాలి. కంపెనీ బండి పలకక క్యాంప్ గేటు దగ్గర నిలబడిపోయారంటే, టైమ్ కనిపించేలా అందరూ కలిసి ఒక ఫోటో తీసుకోండి.

హౌస్ డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు ఈ చట్టం కిందికి రారు. వాళ్లకి ప్రత్యేక నియమావళి ఉంది. పైన చెప్పిన ఐదు రోజుల లెక్క వాళ్లకి అదే విధంగా వర్తిస్తుందని అనుకోకండి. ఫోటో, మెసేజ్, బిల్లు మాత్రం వాళ్లకి ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇంట్లో వేరే సాక్షి ఉండడు. ఇంట్లో పనిచేసే అక్కలు బండి సంగతి చూసి ఉంటే, అదే రోజు తేదీ వేసి ఒక ముక్క రాసి పెట్టండి.

మానవ వనరుల మంత్రిత్వశాఖ నంబర్ 19911. కష్టం పెద్దదైతే రియాద్‌లో భారత రాయబార కార్యాలయం, జెడ్డాలో కాన్సులేట్ ఉన్నాయి. అర్థం కాని అరబీ కాగితం మీద "నష్టం నా వల్లే" అని సంతకం అడిగితే పెట్టకండి. ఫోటో తీసుకుని, చదివించుకున్నాక మాట్లాడదాం అని మర్యాదగా చెప్పండి.

ఈ కాగితాన్ని మడిచి బండి డాష్‌బోర్డ్ డబ్బాలో పెట్టుకోండి. జుమ్మా రోజు ఖాళీ ఉన్నప్పుడు ఒకసారి బోనెట్ తెరిచి, బ్యాటరీ తేదీ చూసి, ఆ ఫోటో సూపర్‌వైజర్‌కి పంపండి. మూడేళ్లు దాటి ఉంటే మార్చమని రాయండి. బండి ఆగకముందే రాసిన ఆ మాటే రేపు మీ జీతాన్ని కాపాడుతుంది.