చుక్కకు సాయంత్రపు కాపలా

మాది దక్షిణాఫ్రికాలోని క్వాజులూ-నటాల్ రాష్ట్రం. మా తాతయ్యకు ఒక గుర్రం ఉంది. దాని నుదుట తెల్లని మచ్చ ఉంది. అందుకే దానికి చుక్క అని పేరు పెట్టాము.

ప్రతి ఉదయం తాతయ్య, నేను చుక్కకు మాలీసు చేస్తాము. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటిగా ఎత్తి, గిట్టల్లో ఇరుక్కొన్న రాళ్ళు, మట్టి తీసివేస్తాము. తొట్టినిండా మంచినీళ్ళు పోస్తాము. పెద్ద గుర్రం రోజుకు 25 నుండి 40 లీటర్ల వరకు నీళ్ళు తాగుతుంది. దాణా మాత్రం ఒక్కసారే ఎక్కువగా పెట్టము. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది పడకపోతే కడుపునొప్పితో బాధపడుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు వస్తుంది.

మార్చి నెలలో ఒకనాడు వాన వెలిసింది. పొద్దు ఇంకా వాలలేదు. చుక్క హాయిగా పచ్చిక మేస్తున్నది.

“చుక్కను లోపలికి తోలుకురా” అన్నారు తాతయ్య.

“ఇంకా ఎండ ఉంది గదా తాతయ్యా! కాసేపు మేయనివ్వండి” అన్నాను.

తాతయ్య మారు మాట్లాడలేదు. తానే వెళ్ళి చుక్కను శాలలోకి తెచ్చారు. తలుపు మూసి, కిటికీకి సన్నని వలతెర దించారు. తరువాత నా పక్కన కూర్చున్నారు.

“నా చిన్నతనంలో మా నాన్న గుర్రపు బండిమీద ఊరూరా కూరగాయలు అమ్మేవారు. ఇలాంటి వానలు కురిసిన రోజుల్లోనే ఒక ఉదయం మా గుర్రం మేత ముట్టలేదు. ఎగశ్వాస పెట్టింది. ముక్కు వెంట నురుగు కారింది. సాయంత్రానికి చనిపోయింది. ఆ తరువాత ఎన్నో నెలలు నాన్న గంపలు భుజాన మోసుకొని తిరిగారు” అన్నారు.

“ఏం జబ్బు తాతయ్యా అది?”

“ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్. 1854-55లో కేప్ ప్రాంతంలో ఈ జబ్బు వలన సుమారు 70,000 గుర్రాలు చనిపోయాయి. ఇది ఒక గుర్రాన్ని మరొకటి తాకితే అంటుకోదు. దోమకంటె చిన్నదైన ఒక కుట్టే ఈగ దీనిని మోసుకొని వస్తుంది. దానిని మిడ్జ్ అంటారు. అది ముఖ్యంగా పొద్దు వాలినప్పటినుండి తెల్లవారేదాకా కుడుతుంది. తడినేలలో, లద్ది కలిసిన బురదలో గుడ్లు పెడుతుంది.”

“చుక్కకు టీకా వేయించారు గదా! ఇంకా భయమెందుకు?”

“ఈ జబ్బును కలిగించే వైరస్‌లో 9 రకాలున్నాయి. టీకా చాలా మేలు చేస్తుంది. కాని టీకా ఒక్కటే చాలదు. జబ్బు వచ్చిన తరువాత దానిని పోగొట్టే మందు లేదు. అందుకే పొద్దు వాలడానికి రెండు గంటల ముందే గుర్రాన్ని లోపల కట్టాలి. పొద్దు పొడిచిన రెండు గంటలకు బయట విడవాలి. లద్ది ఎప్పటికప్పుడు ఎత్తివేయాలి. నీళ్ళు నిలవనీయరాదు.”

తాతయ్య రోజూ థర్మామీటరుతో చుక్క ఒంటి వేడి ఎందుకు చూస్తారో నాకు అప్పుడు తెలిసింది. ఆరోగ్యమైన గుర్రానికి సుమారు 38 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 38.5 దాటితే, కళ్ళపైన గుంటలు ఉబ్బితే, వెంటనే పశువైద్యునికి చెప్పాలి. ఆయన వచ్చేదాకా గుర్రాన్ని కదలనీయక విశ్రాంతి ఇవ్వాలి.

“చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదమ్మా” అన్నారు తాతయ్య.

మరునాడు తాతయ్య పిలవకముందే నేను తాడు తీసుకొని బయలుదేరాను. ఎండ ఇంకా చెట్లమీదనే ఉంది. చుక్కకు పచ్చిక వదలి రావడం ఇష్టం లేదు. అయినా మెల్లగా నా వెంట నడిచింది.

కొత్త మాటలు
మాలీసు : గుర్రం ఒళ్ళు రుద్ది శుభ్రం చేయడం
లద్ది : గుర్రపు పేడ
ఎగశ్వాస : కష్టంతో పైపైన తీసే ఊపిరి

ప్రశ్నలు
1. గుర్రానికి దాణా ఒక్కసారే ఎక్కువగా ఎందుకు పెట్టరాదు?
2. ఈ జబ్బు ఒక గుర్రంనుండి మరొక గుర్రానికి ఎలా చేరుతుంది?
3. టీకా వేయించినా చుక్కను సాయంత్రం లోపల ఎందుకు కడుతున్నారు?
4. తాతయ్య చెప్పిన సామెత అర్థమేమి? మీ ఇంట్లో జరిగిన ఒక సంగతితో వివరించండి.