పరుల చూపు – మన స్వరూపము

పరదేశమున నివసించువాడు తానెవరో చెప్పకమునుపే అచ్చటివారు వాని దేశమును బట్టి తమ మనస్సులలో ఒక బొమ్మను గీచికొని యుందురు. క్రమముగా అతడు ఆ బొమ్మయే తానని నమ్మును. లేదా దానిని ఖండించుటలోనే జీవితమును గడపును. రెండును బంధములే.

1893 సెప్టెంబరు 11వ తేదీన చికాగోలో సర్వమత మహాసభ ప్రారంభమగునాటికే అమెరికాలో హిందువును గూర్చిన బొమ్మ సిద్ధముగా నుండెను. హిందూ తల్లులు బిడ్డలను గంగలోని మొసళ్లకు వేయుదురని అచ్చటి పిల్లల పుస్తకములు సైతము చూపెడివి. స్వామి వివేకానందులను ఈ సంగతియే పలుమారు అడిగిరి. వారు ఒకప్పుడు పరిహాసముగను, ఒకప్పుడు తీవ్రముగను బదులిచ్చిరి. అయినను స్వదేశమున పేదలు పడు అవమానమును దాచలేదు. అమెరికా స్త్రీల ఔదార్యమును మెచ్చుకొనక మానలేదు.

ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో వారిని నల్లజాతివారిగా భావించి కొన్ని హోటళ్లలో ప్రవేశము నిరాకరించిరని జీవితచరిత్రకారులు వ్రాసిరి. తాను భారతీయుడనని చెప్పుకొని వారు ఆ అవమానమును తప్పించుకొన జూడలేదు. ఒకరిని తక్కువ చేసి తాను హెచ్చగుటకు వారి మనస్సు ఒప్పలేదు.

నేడు బొమ్మ మారినది. అమెరికాలోని తెలుగు బాలుడు గణితమున పుట్టుకతోనే దిట్ట యని పలువురు తలంతురు. ఇది పొగడ్తవలె తోచును. కాని లెక్కలు రాని బాలుడు తాను ఎవరికిని చెందనని కుంగును. వచ్చినవాని శ్రమకు గుర్తింపు దొరకదు. ఇనుప సంకెలవలెనే బంగారు సంకెలయు బంధించును.

ఎఱ్ఱని పువ్వు చెంత నుంచిన స్ఫటికము ఎఱ్ఱగా కనబడును. ఆ ఎఱుపు స్ఫటికమునది కాదు. దేశము, భాష, వర్ణము ఇట్టి ఉపాధులే యని వేదాంతము బోధించును. వానిని ప్రేమించుట దోషము కాదు. మాతృభాషను విడువ నక్కరలేదు. ఉపాధియే తానని తలంచుట మాత్రమే అజ్ఞానము.

ఈ విచారమును మనవైపునకును త్రిప్పుకొనవలెను. పాశ్చాత్యులందరు భోగలాలసులనియు, మనమే ఆధ్యాత్మికులమనియు అనుకొనుటయు అట్టి బొమ్మను గీయుటయే. నింద విని మండిపడునప్పుడును, స్తుతి విని పొంగునప్పుడును సాధకుడు క్షణమాగి, "ఈ మాట తాకినది దేనిని?" అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఎదుటివానిలోను అదే ఆత్మ వెలుగుచున్నదని తెలిసినవానికి ఏ దేశమును పరదేశము కాదు.