రెప్లికేషన్ ఆగిపోయిందా? కాన్ఫిగ్ తప్పులు పట్టేసే చిట్కాలు

మెయిన్ సర్వర్‌లో ఆర్డర్లు వచ్చి పడుతుంటాయి, రెప్లికాలో మాత్రం నిన్నటి లెక్కే కనిపిస్తుంది. కంగారుపడి అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టకండి. చాలాసార్లు తప్పు ఒక్క లైన్లోనే ఉంటుంది. ఇవన్నీ మైఎస్‌క్యూఎల్ 8 మీద నేను వాడి చూసినవే.

1. ముందు రెప్లికాలో 'షో రెప్లికా స్టేటస్' కొట్టండి. వెర్షన్ 8.0.22 కన్నా పాతదైతే 'షో స్లేవ్ స్టేటస్' అనాలి. చివర సెమీకోలన్ బదులు బ్యాక్‌స్లాష్, పెద్ద జీ పెడితే ఒక్కో వివరం ఒక్కో లైన్లో వస్తుంది, కళ్లకు శ్రమ తగ్గుతుంది.

2. అందులో ఐఓ రన్నింగ్, ఎస్‌క్యూఎల్ రన్నింగ్ రెండూ 'యెస్' అని ఉండాలి. ఐఓ దగ్గర 'కనెక్టింగ్' అనో 'నో' అనో ఉంటే సోర్స్ వైపు వెళ్లే దారిని చూడండి, ఎస్‌క్యూఎల్ దగ్గర 'నో' ఉంటే రెప్లికాలోని డేటాను చూడండి. సగం వెతుకులాట ఇక్కడే తప్పుతుంది.

3. సర్వర్ ఐడీ ఏమీ రాయకపోతే రెండు మెషీన్లకూ 1 అనే పడుతుంది, రెప్లికేషన్ మొదలే కాదు. ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇవ్వండి.

4. సోర్స్ మెషీన్‌ను యథాతథంగా కాపీ చేసి రెప్లికా తయారు చేశారా? సర్వర్ యూయూఐడీ కూడా కాపీ అయిపోతుంది. రెప్లికాను ఆపి, దాని డేటా డైరెక్టరీలోని ఆటో డాట్ సీఎన్ఎఫ్ తీసేసి స్టార్ట్ చేయండి, కొత్తది అదే పుట్టించుకుంటుంది.

5. 'కనెక్టింగ్' దగ్గరే ఉండిపోతే సోర్స్‌లో బైండ్ అడ్రస్ 127.0.0.1 అని ఉందేమో చూడండి. అలా ఉంటే బయటి నుంచి ఎవరినీ రానివ్వదు. ఫైర్‌వాల్‌లో 3306 పోర్టు కూడా రెప్లికా కోసం తెరిచి ఉండాలి.

6. ఇది మాత్రం కాస్త నిదానంగా చదవండి, మంచి మంచి వాళ్లనే తిప్పలు పెట్టేది ఇదే. రెప్లికేషన్ యూజర్‌తో చేత్తో లాగిన్ అయితే చక్కగా అవుతుంది, రెప్లికా మాత్రం 2061 ఎర్రర్ ఇస్తుంది. కారణం ఏమిటంటే, చేత్తో లాగిన్ అయినప్పుడు క్లయింట్ తనంతట తానే టీఎల్ఎస్ వాడుకుంటుంది, రెప్లికేషన్ మనం చెబితే తప్ప వాడదు. 8.0లో డిఫాల్ట్‌గా వచ్చే పాస్‌వర్డ్ పద్ధతికి భద్రమైన కనెక్షన్ కావాలి. ఛేంజ్ రెప్లికేషన్ సోర్స్ కమాండ్‌లో సోర్స్ ఎస్ఎస్ఎల్ 1 అని చేర్చండి. ఒకసారి చేత్తో లాగిన్ అయ్యాక రెప్లికా కూడా పని చేయడం మొదలుపెట్టిందని ఊరుకోకండి. ఆ గుర్తింపు సోర్స్ మెమరీలో ఉన్నంతసేపే, రీస్టార్ట్ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

7. 1236 ఎర్రర్ వస్తే చాలాసార్లు రెప్లికాకు కావలసిన బిన్‌లాగ్ సోర్స్‌లో చెరిగిపోయిందనే అర్థం. డిఫాల్ట్ గడువు 30 రోజులు. డిస్కు కలిసొస్తుందని దాన్ని ఒక రోజుకు కుదిస్తే, రెప్లికా శని ఆదివారాలు ఆగినప్పుడు మొత్తం డేటా మళ్లీ ఎక్కించాలి.

8. అలా ఎక్కించేటప్పుడు డంప్‌కు సింగిల్ ట్రాన్సాక్షన్, సోర్స్ డేటా 2 అనే ఆప్షన్లు తగిలించండి. ఇన్నోడీబీ టేబుళ్లకు తాళం వేసి ఉంచే పని లేదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఫైలు పైభాగంలోనే రాసి ఉంటుంది.

9. 1062, 1032 ఎర్రర్లు కనబడితే ఎవరో రెప్లికాలో నేరుగా చెయ్యి పెట్టారేమో ముందు అడగండి. స్కిప్ చేసి దాటేస్తే ఎర్రర్ పోతుంది గానీ డేటాలో తేడా అలాగే మిగులుతుంది, కాబట్టి ఆ వరుసను రెండు చోట్లా పోల్చి సరిచేయండి.

10. ఆ వెంటనే రెప్లికాలో సూపర్ రీడ్ ఓన్లీ ఆన్ చేయండి. ఉత్త రీడ్ ఓన్లీ చాలదు, అడ్మిన్ అధికారం ఉన్నవాళ్లను అది ఆపలేదు.

11. రిలే లాగ్‌కు పేరు మీరే పెట్టండి. లేదంటే అది హోస్ట్ పేరు తగిలించుకుంటుంది, రేపు హోస్ట్ పేరు మారిస్తే పాత లాగ్ దొరక్క ఆగిపోతుంది.

12. కాన్ఫిగ్ ఫైల్లో మార్చి, రీస్టార్ట్ చేసినా మారలేదా? ఎవరో సెట్ పెర్సిస్ట్ వాడి ఉంటారు, ఆ విలువే ఫైల్లోదాన్ని తోసేస్తుంది. రీసెట్ పెర్సిస్ట్ కొట్టి ఆ పేరు తీసేయండి.

13. రెండూ 'యెస్' అంటున్నా రెప్లికా వెనకబడుతూనే ఉంటే ప్రైమరీ కీ లేని పెద్ద టేబుల్ ఉందేమో వెతకండి. ఇండెక్స్ కూడా లేకపోతే వరుసలు మార్చడానికి టేబులంతా గాలించాల్సి వస్తుంది, కీ పెడితే చాలు పరుగందుకుంటుంది.