లాటిన్ నేర్వడానికి ఏ వ్యాకరణం కొనాలి?

మధ్యయుగ యూరప్ చరిత్ర, ప్రాచీన రోమ్ చరిత్ర, క్రైస్తవ వేదాంతం వంటి విషయాల్లో విదేశాల్లో పరిశోధన చేయాలనుకునే మన విద్యార్థులకు లాటిన్ తప్పనిసరి అవసరం. టొరంటో విశ్వవిద్యాలయంలోని మధ్యయుగ అధ్యయన కేంద్రమైతే తన విద్యార్థులకు ప్రత్యేకంగా లాటిన్ పరీక్షే పెడుతుంది. సీటు వచ్చాక చూద్దాంలే అనుకుంటే అసలు చదువుకు దక్కాల్సిన సమయాన్ని భాష తినేస్తుంది. మన దగ్గర సెమినరీల బయట లాటిన్ చెప్పేవారు దొరకడం కష్టం. అందుకే ఇక్కడ పుస్తకమే గురువు, దాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి.

లా, మెడిసిన్ విద్యార్థులకు లాటిన్ వ్యాకరణం అక్కర్లేదు. న్యాయసూత్రాలకు మంచి లా నిఘంటువు, శరీరభాగాల పేర్లకు ఒక పదకోశం సరిపోతాయి. వృక్షశాస్త్రంలోనూ అవసరం తగ్గింది. కొత్త మొక్కను లాటిన్‌లోనే వర్ణించాలన్న నియమం 2012 జనవరి 1న సడలింది, ఇప్పుడు ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతుంది. పాత వర్ణనలు చదవాల్సిన వర్గీకరణ శాస్త్ర విద్యార్థులు మాత్రం విలియం స్టెర్న్ 1966లో తెచ్చిన ‘బొటానికల్ లాటిన్’ దగ్గర పెట్టుకోవాలి.

భాషను నిజంగా చదవాల్సినవారు ముందు ఒక తేడా గుర్తించాలి. నేర్పే పుస్తకం వేరు, సందేహం వచ్చినప్పుడు తెరిచి చూసే పుస్తకం వేరు. 1903 నాటి అలెన్, గ్రీనఫ్‌ల ‘న్యూ లాటిన్ గ్రామర్’ రెండో రకం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది గనక దానితోనే మొదలుపెట్టాలనిపిస్తుంది. కానీ అది తెలుగు రానివారి చేతిలో చిన్నయసూరి బాలవ్యాకరణం పెట్టి తెలుగు నేర్చుకోమన్నట్టే అవుతుంది. ఏడాది గడిచాక అంతకన్నా నమ్మకమైన తోడు ఉండదు. అప్పటిదాకా దాని జోలికి వెళ్లకండి.

ఒంటరిగా చదువుకునేవారికి నా మొదటి ఎంపిక ‘వీలాక్స్ లాటిన్’. 1956లో తొలిసారి వెలువడింది. రిచర్డ్ లాఫ్లూర్ సవరించిన ఏడో కూర్పు కొనండి. 40 అధ్యాయాలు, ప్రతి అధ్యాయంలో రోమన్ రచయితల నుంచి తీసుకున్న వాక్యాలు, పుస్తకం చివర స్వయంగా చేసుకునే అభ్యాసాలు, వాటికి జవాబులు ఉంటాయి. తప్పు దిద్దే మాస్టారు లేనిచోట ఆ జవాబుల విలువ ఇంతా అంతా కాదు.

వీలాక్‌కు పూర్తిగా భిన్నమైనది డెన్మార్క్ పండితుడు హాన్స్ ఓర్‌బెర్గ్ రాసిన ‘ఫమీలియా రోమానా’. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంతా లాటినే. ఒక రోమన్ కుటుంబం కథగా 35 అధ్యాయాలు సాగుతాయి, అర్థం సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. వేగంగా చదివే అలవాటు దీనివల్ల వచ్చినట్టు వీలాక్‌తో రాదు. అయితే నియమం తెలిస్తే గానీ ముందుకు కదలలేనివారు జీన్ న్యూమన్ రాసిన సహాయ గ్రంథం కూడా తీసుకోవాలి. ‘కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్స్’ బడిపిల్లలకు చక్కనిదే, పరీక్ష ముంచుకొస్తున్నవారికి మాత్రం నిదానం. చర్చి పత్రాలు, ప్రార్థనలు, లాటిన్ బైబిల్ చదవబోయేవారికి జాన్ కాలిన్స్ రాసిన ‘ఎ ప్రైమర్ ఆఫ్ ఎక్లీజియాస్టికల్ లాటిన్’ సూటిగా పనికొస్తుంది.

ఇంటర్‌లో సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్నవారికి ఒక శుభవార్త. శబ్దాలు, విభక్తులు, లకారాలు వల్లించిన శ్రమ ఇక్కడ వృథా పోదు. లాటిన్‌లో ద్వివచనం లేదు. తృతీయ, పంచమి, సప్తమి చేసే పనుల్లో చాలా భాగాన్ని అబ్లాటివ్ అనే ఒక్క విభక్తి మోస్తుంది. తికమక వచ్చేది పట్టికల వరుసలో. బ్రిటన్‌లో కెనడీ ప్రైమర్ సంప్రదాయం ప్రథమ, సంబోధన తర్వాత ద్వితీయను చెబుతుంది. వీలాక్ వంటి అమెరికన్ పుస్తకాలు ప్రథమ తర్వాత షష్ఠి, చతుర్థి చెప్పి ఆ తర్వాతే ద్వితీయకు వస్తాయి. రెండు పుస్తకాల పట్టికలు కలిపి వల్లిస్తే ఏదీ నోట నిలవదు. ఒక వరుసకే కట్టుబడండి.

కొనేముందు లోపలి పేజీ తెరిచి దీర్ఘాచ్చులపై గీతలు ఉన్నాయో లేదో చూడండి. ‘వెనిత్’ అంటే వస్తున్నాడు, ‘వేనిత్’ అంటే వచ్చాడు. హ్రస్వదీర్ఘాల తేడా మన చెవికి పుట్టుకతోనే తెలుసు. ఆ గీతలు వేయని పుస్తకం ఎంత చవకైనా తొలి పుస్తకంగా వద్దు.

వారానికి ఒక అధ్యాయం చొప్పున చదివినా వీలాక్ పూర్తవడానికి తొమ్మిది నెలల పైనే పడుతుంది. వచ్చే ఏడాది దరఖాస్తు చేయాలనుకుంటే పుస్తకం ఈ నెలలోనే తెప్పించుకోండి.